ముందు రాయండి... తరవాత విరగ్గొట్టండి!

వంద ఐస్‌క్రీం పుల్లలు. ఒక ఫెవికాల్ డబ్బా. నలభై సెంటీమీటర్ల ఎడంలో రెండు బల్లలు. ఆ ఖాళీ మీద పుల్లలతో వంతెన వేయాలి. నడుమ వేలాడదీసిన బకెట్‌లో పది లీటర్ల నీళ్లు పోసినా అది నిలబడాలి. ఎనిమిదో తరగతి పిల్లలకైనా, ఇంజనీరింగ్ మొదటి సంవత్సరం వాళ్లకైనా ఈ పని అప్పజెప్పి పక్కన నిలబడండి. ఎక్కువ జట్లు చేసే మొదటి పని ఒకటే: ఫెవికాల్ మూత తీయడం.

సగం ఆట అక్కడే పోతుంది. మర్నాటికి జిగురు ఆరుతుంది. బకెట్ కట్టి నీళ్లు పోస్తుంటే వంతెన ఫట్‌మంటుంది. కేకలు, నవ్వులు, సెల్ఫీలు. ‘ఎందుకు విరిగింది?’ అని అడిగితే ‘బరువు ఎక్కువైందండీ’ అంటారు. బరువు ఎక్కువైతే ఏదైనా విరుగుతుందని మూత తీయకముందే అందరికీ తెలుసు. మరి రెండు రోజులు కూర్చుని నేర్చుకున్నదేమిటి?

చేతులతో చేస్తే చాలు, చదువు దానంతటదే వస్తుందని చాలామంది నమ్ముతారు. చేతిపనితో చెయ్యి తిరుగుతుంది, అంతవరకు నిజం. బుర్ర కూడా తిరగాలంటే ఇంకొకటి కావాలి. ఎక్కడ విరుగుతుంది, ఎన్ని కిలోల దగ్గర విరుగుతుంది, ఎందుకు విరుగుతుంది అన్నది ముందే కాగితం మీద పెట్టాలి. ఆ కాగితమే అసలు ప్రాజెక్టు. వంతెన ఆ కాగితాన్ని దిద్దే మాస్టారు.

పాఠ్యపుస్తకాల్లో ‘ఇంజనీరింగ్ డిజైన్ ప్రాసెస్’ అని పెద్ద పేరుతో ఉండేది నిజానికి చిన్న వరస. సమస్యను తేల్చుకోవడం, ఉన్నవాటిని చూడటం, నాలుగు దారులు ఆలోచించి ఒకటి ఎంచుకోవడం, కట్టడం, పరీక్షించడం, మార్చడం. గోదావరి జిల్లాల పిల్లలకు ఈ వరసను చూపించే గొప్ప కట్టడాలు బస్సు దిగి నడిచేంత దూరంలో ఉన్నాయి. ఒక్కో మెట్టూ చూద్దాం.

1. సమస్యను అంకెల్లో రాయండి

‘గట్టి వంతెన కట్టాలి’ అన్నది కోరిక. ‘నలభై సెంటీమీటర్ల ఖాళీ, వంద పుల్లలకు మించకుండా, నడిమధ్యన పది కిలోలు, ఒక నిమిషం పాటు’ అన్నది సమస్య. కోరికను పరీక్షించలేం, సమస్యను పరీక్షించగలం. అందుకే నోటుబుక్ మొదటి పేజీలో రెండు గళ్లు గీయండి. ఒకదాంట్లో ‘ఏం సాధించాలి’, రెండోదాంట్లో ‘ఏ హద్దులు దాటకూడదు’. పుల్లల లెక్క, జిగురు ఆరే సమయం, వంతెన సొంత బరువు, ఖర్చు... అన్నీ రెండో గడిలోకి వస్తాయి.

హద్దులు చూసి నీరుగారిపోకండి. మంచి ఆలోచన చాలాసార్లు హద్దుల్లోంచే పుడుతుంది. బ్రిటిష్ ఇంజనీరు ఆర్థర్ కాటన్ 1840ల్లో గోదావరి మీద ఆనకట్టకు చోటు వెతికినప్పుడు, ఎగువన పాపికొండల మధ్య నది ఇరుకుగా ఉంది కదా, అక్కడ తక్కువ పొడవుతో తేల్చేద్దామని అనుకోలేదు. నది బాగా విప్పారిన ధవళేశ్వరం దగ్గర ఆగాడు. అక్కడ గోదావరి లంకల మధ్య పాయలుగా చీలుతుంది. అందువల్ల ఒకే పెద్ద పనిని ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అనే నాలుగు ముక్కలుగా విడగొట్టే వీలు దొరికింది. రాయి కావాలంటే పక్కనే ధవళేశ్వరం కొండ. పొడవు పెరిగింది, పని మాత్రం చేతికి అందేంత అయింది. 1847లో మొదలుపెట్టి 1852 నాటికి దాదాపు మూడున్నర కిలోమీటర్ల కట్టడం పూర్తి చేశారు.

మీ సమస్య పెద్దదిగా కనిపిస్తే మీరూ ఇదే ప్రశ్న వేసుకోండి: దీన్ని ముక్కలు చేయగల చోటు ఎక్కడుంది?

2. కొత్తది గీయకముందు పాతవి చూసి రండి

రాజమహేంద్రవరంలో గోదావరి గట్టుకు వెళితే ఒకే ప్రశ్నకు వేర్వేరు తరాల వాళ్లు రాసిన జవాబులు కనిపిస్తాయి. ‘ఈ ఒడ్డు నుంచి కొవ్వూరు వైపుకి రైలు ఎలా వెళ్లాలి?’ అన్నదే ప్రశ్న.

మొదటి జవాబు హేవ్‌లాక్ వంతెన. 1897లో పని మొదలైంది, 1900లో రైలు నడిచింది. అప్పటి మద్రాసు గవర్నరు పేరు దానికి పెట్టారు. రాతి స్తంభాలు, వాటి మీద ఉక్కు గర్డర్లు. ఒక్కోటి నూటయాభై అడుగుల చొప్పున 56 స్పాన్లు (రెండు స్తంభాల నడుమ ఎడమే స్పాన్). దాని నిర్మాణం నడిపించిన ఎఫ్.టి.జి. వాల్టన్ అంతకుముందు కాశీలో గంగ మీద డఫరిన్ వంతెన కట్టినవాడు. అంటే ఆయనా ఒట్టి చేతులతో గోదారికి రాలేదు, ఒక నది నేర్పిన పాఠంతో వచ్చాడు.

రెండో జవాబు 1974లో వచ్చిన రోడ్డు కమ్ రైలు వంతెన. కింద రైలు, పైన రోడ్డు. 91.5 మీటర్ల పెద్ద స్పాన్లు 27, వాటికి తోడు సుమారు 45 మీటర్ల చిన్న స్పాన్లు ఏడు. స్పాన్ పొడవు ఇంచుమించు రెట్టింపయింది, అంటే నదిలో దిగే స్తంభాలు తగ్గాయి. దాని పక్కలకు చూడండి, నిండా త్రికోణాలే. మూడో జవాబు 1997లో వాడుకలోకి వచ్చిన ఆర్చి వంతెన. అది ఉక్కు త్రికోణాలను పక్కనపెట్టి కాంక్రీటు విల్లు ఆకారం పట్టుకుంది. 28 స్పాన్లు, ఒక్కోటి సుమారు 97 మీటర్లు. అదే ఏడు హేవ్‌లాక్ రైళ్ల నుంచి విశ్రాంతి తీసుకుంది.

ఒక ఆదివారం జట్టంతా అక్కడికి వెళ్లండి. సెల్ఫీకి ముందు మూడు బొమ్మలు గీయండి. మూడింటికీ ఇవే ప్రశ్నలు: బరువు ఏ దారిలో దిగుతోంది? ఏ ముక్క నలుగుతోంది, ఏ ముక్క సాగుతోంది? ఇది ఎందుకు ఇలా కట్టారు, అలా ఎందుకు కట్టలేదు? ఫోను తీసిన ఫొటోలో కన్ను దాటిపోయే అతుకులు పెన్సిల్ పట్టుకుంటే కనబడతాయి.

ఇంత దూరం రాలేని కోనసీమ పిల్లలకు ఊళ్లోనే బడి ఉంది. బోదె మీద వేసిన కొబ్బరి దుంగ కూడా వంతెనే. మనిషి నడిస్తే ఎంత కుంగుతుందో, ఎడం పెరిగితే ఎంత ఊగుతుందో చూడండి. పి.గన్నవరం వెళితే నది పాయ మీదుగా కాలువను దాటించిన అక్విడక్టు కనిపిస్తుంది. నీళ్ల మీద నీళ్లు నడిపించాలంటే ఎంత బరువు మోయాలో లెక్క వేయండి. ఒక ఘనపు మీటరు నీళ్లంటే వెయ్యి కిలోలు.

చూసి నేర్చుకోవడం చిన్నతనమనుకునే వాళ్లకు ఒక మాట. అడుగు దొరకని ఇసుకలో పునాది ఎలా నిలపాలో తనకు నేర్పింది కావేరి మీది చోళుల ఆనకట్ట కల్లణై అని కాటనే ఒప్పుకున్నాడు.

3. తలా ఒక బొమ్మ గీయండి, ఒకటి ఎంచుకోండి

జట్టులో గొంతు పెద్దగా ఉన్నవాడి ఐడియా గెలవడం మన దగ్గర మామూలే. ‘ఒరేయ్, నా మాట విను, ఇదే బాగుంటుంది’ అనగానే మిగతావాళ్లు పుల్లలు అందిస్తూ కూర్చుంటారు. దీనికి విరుగుడు సులువు. మొదటి పావుగంట మాటలు బంద్. అందరూ విడివిడిగా ఒక్కో బొమ్మ గీయాలి. తరవాతే బల్ల మీద పరవాలి.

మార్కులు బొమ్మలకే వేయండి, గీసినవాడికి కాదు. ఎంత బరువు మోస్తుంది, ఎన్ని పుల్లలు తింటుంది, కట్టడానికి ఎన్ని గంటలు పడుతుంది అనే మూడు గళ్లలో అయిదుకు ఇంత అని వేస్తే చాలు. మాటకారి కాని అమ్మాయి బొమ్మ ముందుకు రావడానికి ఇంతకన్నా మంచి పద్ధతి లేదు.

బొమ్మలు గీసేటప్పుడు ఒక చిన్న రహస్యం పనికొస్తుంది. నాలుగు పుల్లలతో చతురస్రం చేసి మూల పట్టుకుని నొక్కితే ఒరిగిపోతుంది. మూడు పుల్లల త్రికోణం ఒరగదు. ఒరగాలంటే పుల్ల విరగాలి, లేదా అతుకు ఊడాలి. 1840ల్లో అమెరికాలో ప్రాట్, ఇంగ్లండులో వారెన్ పేటెంట్లు తీసుకున్న ట్రస్‌లు ఈ త్రికోణాల అమరికలే. వారెన్ ట్రస్‌లో ఏటవాలు ముక్కలు వరసగా ఎదురెదురుగా వాలుతాయి. ప్రాట్ ట్రస్‌లో అవి కిందికొచ్చే కొద్దీ నడుమ వైపు దిగుతాయి. అందువల్ల పొడుగ్గా ఉండే ఏటవాలు ముక్కలకు లాగుడు, పొట్టిగా ఉండే నిలువు ముక్కలకు నొక్కుడు వస్తాయి. అలా ఎందుకు పంచారో తరవాతి మెట్టులో తెలుస్తుంది.

4. మొత్తం కట్టకముందు ముక్కను పరీక్షించండి

పది పుల్లలు పరీక్షలకే కేటాయించండి. ఆ పది పుల్లలు మిగతా తొంభైని కాపాడతాయి.

మొదటి పరీక్ష: పుల్లను బల్లపరుపుగా రెండు పుస్తకాల మధ్య పెట్టి వేలితో నొక్కండి. ఇప్పుడు అంచు మీద నిలబెట్టి నొక్కండి. సెంటీమీటరు వెడల్పు, రెండు మిల్లీమీటర్ల మందం ఉన్న పుల్ల అంచు మీద నిలబడితే వంగకుండా ఉండే బిగువు ఇరవై అయిదు రెట్లు పెరుగుతుంది. అదే పుల్ల, అదే చెక్క. నిలబెట్టిన తీరు మారిందంతే. పక్కకు పడిపోకుండా అడ్డపుల్లలు మాత్రం కావాలి.

రెండో పరీక్ష: పుల్లను రెండు కొసల దగ్గరా పట్టుకుని లాగండి. తెగదు. ఇప్పుడు కొసల్ని ఒకదాని వైపు ఒకటి నొక్కండి. విల్లులా వంగి పక్కకు తప్పుకుంటుంది. ఇంజనీర్లు దీన్ని బక్లింగ్ అంటారు. పద్దెనిమిదో శతాబ్దంలో ఆయిలర్ అనే గణితవేత్త దీనికి లెక్క కట్టాడు: పొడవు సగమైతే, వంగిపోయే ముందు తట్టుకునే నొక్కుడు నాలుగు రెట్లవుతుంది. ప్రాట్ ట్రస్ నొక్కుడును పొట్టి ముక్కలకు అప్పజెప్పింది ఇందుకే. మీ వంతెన పైవరస పుల్లలు నలుగుతాయి కాబట్టి వాటికి మధ్యలో ఆధారం ఇవ్వండి, లేదా రెండేసి కలిపి అతికించండి.

మూడో పరీక్ష అతుకుది. రెండు పుల్లల కొసలు సెంటీమీటరు మేర ఒకదాని మీద ఒకటి వేసి అతికించండి. మరో జతకు రెండు సెంటీమీటర్లు. బట్టల క్లిప్పులు బిగించి ఒక రాత్రి వదిలేయండి. ముసురు పట్టిన రోజుల్లో మన తేమకు తెల్ల జిగురు ఇంకా నెమ్మదిగా ఆరుతుంది, తొందరపడకండి. మర్నాడు రెండింటికీ బరువు కట్టండి. పుల్లల వంతెనల్లో తరచూ ముందు లొంగిపోయేది చెక్క కాదు, అతుకు. ఆ సంగతి చివరి రోజు కాకుండా మొదటి రోజే తెలిస్తే ఎంత లాభం!

5. ఎక్కడ విరుగుతుందో రాసి సంతకం పెట్టండి

అందరూ దాటేసే మెట్టు ఇదే. వంతెన పూర్తయింది, జిగురు ఆరింది, బకెట్ సిద్ధంగా ఉంది. ఆగండి. జట్టులో ప్రతి ఒక్కరూ వేరే కాగితం మీద మూడు వాక్యాలు రాయాలి. ‘ఇది ఇన్ని కిలోల దగ్గర పోతుంది. మొదట ఈ ముక్క పోతుంది. కారణం ఇది.’ కింద పేరు, తేదీ, సంతకం. కాగితం మడిచి టీచరు చేతికి.

‘ఎందుకండీ, విరిగాక చూస్తాం కదా’ అంటారు. విరిగాక చూస్తే మనసు మోసం చేస్తుంది. ‘అబ్బే, అది అక్కడే పోతుందని నాకు ముందే తెలుసు’ అంటుంది. ఇది మన ఒక్కరి బలహీనత కాదు. ఫలితం తెలిశాక అది ముందునుంచీ ఖాయమే అన్నట్టు అనిపిస్తుందని బరూక్ ఫిష్‌హాఫ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1975లోనే ప్రయోగాలతో చూపించాడు. ఈ మాయకు మందు ముందుగా రాసిన కాగితం ఒక్కటే.

రాయడంలో ఇంకో లాభం ఉంది. ‘పన్నెండు కిలోలు, ఎడమ నుంచి రెండో అతుకు’ అని రాయాలంటే వంతెన చుట్టూ తిరిగి చూడాలి. చేత్తో మెల్లగా నొక్కాలి. ఏ పుల్లకు జిగురు తక్కువ పడిందో గుర్తు తెచ్చుకోవాలి. ఇలా చూసే పిల్లలు కట్టడం ఆపేసినట్టు కనిపిస్తారు, అప్పుడే ఇంజనీర్లు అవుతుంటారు.

అంచనా తప్పితే? అదే పండగ. పన్నెండు అనుకుంటే పందొమ్మిది మోసిందా? మీకు తెలియని బలమేదో అందులో ఉంది, దాన్ని వెతకండి. పన్నెండు అనుకుంటే ఆరుకే పోయిందా? మీరు చూడని బలహీనత ఉంది, దాన్ని పట్టుకోండి. పన్నెండుకు పన్నెండే పోయినా కారణం వేరైతే గెలిచినట్టు కాదు, అంకె కలిసొచ్చిందంతే. అందుకే మార్కులు వేసే టీచర్లకు ఒక విన్నపం: ఎక్కువ బరువు మోసిన జట్టుకు ఒక బహుమతి ఇస్తే, తన వంతెన సంగతి సరిగ్గా చెప్పగలిగిన జట్టుకు రెండు ఇవ్వండి.

6. విరిచే రోజు తొందర వద్దు

నీళ్లు లీటరు చొప్పున కొలిచి పోయండి. లీటరంటే కిలో, లెక్క సులువు. బకెట్ బరువు కలపడం మరిచిపోకండి. ప్రతి లీటరుకూ ఆగి వంతెన ఎంత కుంగిందో స్కేలుతో కొలిచి రాయండి. ఒకరు పోయడం, ఒకరు కొలవడం, ఒకరు రాయడం, ఒకరు ఫోన్‌లో వీడియో. కళ్లద్దాలు పెట్టుకోండి, కాళ్లు బకెట్ కింద ఉంచకండి.

విరిగేముందు వంతెన చాలాసార్లు చెబుతుంది. చిన్న చిటపట, ఒక పుల్ల పక్కకు వాలడం, కుంగుడు ఉన్నట్టుండి పెరగడం. ఆ సంకేతాన్ని వినడం పెద్ద విద్య. కెనడాలో సెయింట్ లారెన్స్ నది మీద కడుతున్న క్యుబెక్ వంతెన 1907 ఆగస్టు 29న కూలి 75 మంది కార్మికులు చనిపోయారు. స్పాన్ పొడవు పెంచారు కానీ దానికి తగ్గట్టు వంతెన సొంత బరువు లెక్కను సరిగ్గా తిరిగి వేయలేదు. నొక్కుడు భరించే కింది ముక్కలు వంగుతున్నట్టు సైటులో ముందే కనిపించింది. పని ఆపే నిర్ణయం సకాలంలో రాలేదు. మీరు పుల్లతో చూసిన బక్లింగే అక్కడ ఉక్కుతో జరిగింది. ‘అంచనా మారితే లెక్క తిరిగి వేయాలి, సంకేతం కనిపిస్తే ఆగాలి’ అన్న అలవాటు పదిహేనేళ్ల వయసులో పుల్లల దగ్గర పడితే ఖర్చు నలభై రూపాయల జిగురే.

7. రెండోసారి ఒక్కటే మార్చండి

విరిగిన ముక్కల్ని చెత్తబుట్టలో వేయకండి. బల్ల మీద పేర్చండి. చెక్క చీలిందా, అతుకు ఊడిందా, పుల్ల వంగి విరిగిందా? ఊడిన అతుకు మీద జిగురు నున్నగా మెరుస్తుంటే అది సరిగ్గా పట్టలేదన్నమాట. చెక్క నార పీకుకుని వచ్చిందంటే అతుకు తన పని తాను చేసింది, దోషం వేరేచోట ఉంది.

ఇప్పుడు రెండో వంతెన. ఇక్కడ ఉత్సాహం కొంప ముంచుతుంది. ఆకారం మార్చి, జిగురు మార్చి, పుల్లలు రెట్టించి కడితే అది ఎక్కువ మోసినా ఎందుకు మోసిందో తెలియదు. ఒక్కటే మార్చండి. అతుకు పొడవు మాత్రమే, లేదా పైవరస పుల్లలు మాత్రమే. మళ్లీ అంచనా, మళ్లీ సంతకం, మళ్లీ నీళ్లు.

మార్చడం పరువు తక్కువ కాదు. కాటన్ కావేరి పాయ అయిన కొల్లిడం మీద 1836లో కట్టిన పై ఆనకట్ట తరవాత నదీ గర్భం తీరు మారి కావేరి వైపు నీరు ఎక్కువ గుంజసాగింది. దాంతో ఆనకట్ట మధ్యభాగం ఎత్తు తగ్గించి, కావేరి పాయ మొదట్లో అడుగున అడ్డుగోడ వేయాల్సి వచ్చింది. ఆ అనుభవం తరవాతే ధవళేశ్వరం. అక్కడా కథ 1852తో ఆగలేదు. ఆనకట్ట ఎత్తు తరవాత పెంచారు. చివరికి 1970ల్లో కొత్త బ్యారేజీ పని మొదలుపెట్టి 1982 నాటికి పూర్తి చేశారు. నేడు మనం చూసే 175 గేట్ల కట్టడం అదే. డెల్టాలో ఇంత పచ్చదనం మొదటి ప్రయత్నంతోనే వచ్చిందనుకుంటే ఆ శ్రమను తక్కువ చేసినట్టే.

వంతెన దాటి...

ఈ పని నేర్చుకోవడానికి పెద్ద ల్యాబ్ అక్కర్లేదు. మీ బడిలో అటల్ టింకరింగ్ ల్యాబ్ ఉంటే మంచిదే. 2016లో మొదలైన ఆ పథకం ఆరు నుంచి పన్నెండో తరగతి పిల్లలకు పనిముట్లు అందుబాటులోకి తెచ్చింది. లేకపోతే బెంచీ, బకెట్, బట్టల క్లిప్పులు చాలు. అమ్మానాన్నలకు ఒక్క మాట: మార్కెట్లో రెడీమేడ్ మోడల్ కొనిచ్చి ఫస్టు ప్రైజు తెప్పించకండి. పిల్లవాడి చేతిలో విరగాల్సింది విరగనివ్వండి.

‘ముందు అంచనా, తరవాత పరీక్ష’ అన్న అలవాటు పుల్లల దగ్గర ఆగేది కాదు. పరీక్ష రాసి బయటికి రాగానే ఏ సబ్జెక్టులో ఎన్ని వస్తాయో, ఎక్కడ పోతాయో రాసి పెట్టుకోండి. ఫలితాలు వచ్చాక పక్కపక్కన పెట్టి చూడండి. మీరు బలహీనమనుకునే చోటు ఒకటి, నిజంగా మార్కులు జారే చోటు ఇంకొకటి అని బయటపడవచ్చు. ఇంటర్వ్యూకి వెళ్లేముందు ఏ ప్రశ్న దగ్గర తడబడతారో రాయండి. టిఫిన్ సెంటరో, చేపల చెరువో మొదలుపెట్టేవాళ్లు మొదటి మూడు నెలల్లో డబ్బు ఎక్కడ బిగుసుకుంటుందో రాయండి. ‘నా అంచనా ఇది, జరిగింది ఇది, తేడాకి కారణం ఇది’ అని చెప్పగలిగినవాడికి ఓటమి పాఠం చెప్పి పోతుంది. అలా చెప్పలేనివాడికి గెలుపు కూడా ఏమీ నేర్పదు.

ఈ శనివారం నలుగురు కలవండి. ఒక నోటుబుక్, వంద పుల్లలు, ఒక జిగురు డబ్బా, పది బట్టల క్లిప్పులు, ఒక బకెట్. మొదటి పేజీలో సమస్య, రెండో పేజీలో తలా ఒక బొమ్మ, మూడో పేజీలో చిన్న పరీక్షల అంకెలు, నాలుగో పేజీలో నాలుగు సంతకాలు. నాలుగో పేజీ నిండే దాకా బకెట్‌లో చుక్క నీరు పోయవద్దు. ఈ ఒక్క నియమం పాటిస్తే చాలు, మీ వంతెన ఆరు కిలోలకే విరిగినా మీ ప్రాజెక్టు పాసే.